అట్ట మీద లేని పేరు

మొన్న జీపీ సర్జరీలో, అదే మా పేట డాక్టరు క్లినిక్‌లో, పిలుపు కోసం కూర్చుని ఉంటే, మూలనున్న రేడియోలో ఆ పాట వచ్చింది. మొదట డ్రమ్ములు, తర్వాత గాయకుడి గొంతు, పాట సగానికి వచ్చేసరికి మాటలేవీ లేకుండా పైకి లేచే ఒక ఆడగొంతు. పాట అయ్యాక రేడియోలో మాట్లాడే అతను, అది వారాల తరబడి నంబర్ వన్‌గా నిలిచిందనీ, దానికి రాని అవార్డు లేదనీ, ‘సోల్’ సంగీతంలో అలాంటి పాట మళ్ళీ పుట్టదనీ అన్నాడు. గాయకుడి పేరు మూడుసార్లు చెప్పాడు. ఆ ఆడగొంతు ఐవీది. ఆమె పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఐవీ ఇంగ్లండులో స్లౌ అనే ఊళ్ళో ఒక బడి వంటగదికి పెద్ద. చిన్నప్పుడే జమైకా నుంచి వచ్చిన మనిషి. ఆమె కింద పదకొండేళ్ళు పనిచేశాను. అందరూ పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాక ‘అక్కా’ అనేదాన్ని. దాని అర్థం నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాక, దానికే పలికేది. పనిలో చేరేనాటికి నాకు నలభై ఆరేళ్ళు. ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. అక్కడ ఓవెన్ నుంచి దించిన ప్రతి ట్రే వేడి ఎంతుందో చూసి గోడకున్న కాగితంలో రాయాలి, పక్కన వండినవాళ్ళ పేరు ఉండాలి. నా ట్రేలకు కరెన్ అనే అమ్మాయి తన పేరే రాసేసేది. నేను ఊరుకునేదాన్ని. వారంలోనే ఐవీ పట్టేసింది.

“ఈ బంగాళాదుంపలు ఎవరు వండారు?”

“నేనే అక్కా.”

“మరి కరెన్ పేరుందేం? తన చేతులు నీకు అద్దెకిచ్చిందా?”

రాయడం రాదని చెప్పక తప్పలేదు. ఆమె నవ్వలేదు. మాడినా నీ పేరే ఉండాలి, బాగున్నా నీ పేరే ఉండాలి అంది. ఆ రోజు నుంచి గిన్నెలు కడగడం అయ్యాక అరగంట కూర్చోబెట్టేది. మొదట నా పేరు నేర్పింది, తర్వాత తనది. ఇంగ్లీషులో ఆమె పేరు మూడే అక్షరాలు. తెలుగు ఆ తర్వాత నా కూతురు నేర్పింది గానీ, అక్షరమంటే నాకున్న భయం పోగొట్టింది ఐవీయే.

పాట సంగతి ఆమె ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. ఒకసారి క్యారెట్లు చెక్కు తీస్తుండగా రేడియోలో వస్తే, వేలెత్తి, అది నేనే అంది. పందొమ్మిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం స్టూడియోకి వెళ్ళి పాడి వచ్చిందట. అవార్డులిచ్చిన రోజు అందరిలాగే ఇంట్లో టీవీలో చూసిందట.

కొన్నాళ్ళకు ఆ రికార్డును కొత్త అట్టతో మళ్ళీ తెచ్చారు. పాటకు పనిచేసిన అందరి పేర్లూ వేశామని చెప్పుకున్నారు. ఐవీ అది కొని తెచ్చి, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, చదివి పెట్టమని నా చేతికిచ్చింది. డ్రమ్ములు వాయించినతను ఉన్నాడు, ఫొటో తీసినతను ఉన్నాడు, గాయకుడికి జుట్టు దువ్విన మనిషి కూడా ఉన్నాడు. ఆ మూడక్షరాలు లేవు. నాకే చదవడం రాలేదనుకుని సిగ్గుపడుతూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మూడోసారికి ఆమె అట్ట నా చేతిలోంచి తీసుకుంది.

“నువ్వు సరిగ్గానే చదివావు,” అంది. కళ్ళజోడు ఆమె యాప్రాన్ జేబులోనే ఉంది.

పేరు చేర్చమని ఇద్దరం కలిసి ఆ రికార్డు కంపెనీకి ఉత్తరం రాశాం. జవాబుగా ఒక పాత కాగితం నకలు వచ్చింది. పేరు వేయనక్కర్లేదని ఒప్పుకున్నట్టు దాని కింద, పాట పాడిన రోజు తేదీతో, ఐవీ సంతకం. ఆ ఏడాదే కొత్త రికార్డుకూ ఒక అవార్డు ఇచ్చారు.

“చదవకుండానే సంతకం పెట్టావా అక్కా? నీకు చదువొచ్చుగా,” అన్నాను. ఎదురుగా ఉన్నది ఆమే కాబట్టి కోపం ఆమె మీదే చూపించాను.

“వచ్చు. కానీ వాళ్ళు నవ్వుతూ పెన్ను చేతికిచ్చారు. అంత మర్యాదగా ఉన్నవాళ్ళను నిలబెట్టి చదువుతూ కూర్చుంటే ఏమనుకుంటారోనని...”

ఐవీ పోయి మూడేళ్ళు. ఆమె సరిపెట్టుకుందని కొందరంటారు. నేను సరిపెట్టుకోలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల మొహమాటాన్ని వాడుకుని, ఆమె గొంతుతో అవార్డులు తెచ్చుకున్నవాళ్ళను క్షమించడం నా వల్ల కాదు. ఇప్పుడు బ్యాంకులో గానీ కౌన్సిల్ ఆఫీసులో గానీ ఎవరైనా నవ్వుతూ ‘ఇక్కడొక సంతకం’ అని పెన్ను చాపితే, దాన్ని పక్కన పెడతాను. మొదటి లైను నుంచి వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతాను. వెనక నిలబడ్డవాళ్ళు గడియారం చూసుకుంటారు. ఎదుటి మనిషి ముఖంలో నవ్వు మెల్లగా పోతుంది. పోనీ. నేనింకా రెండో పేజీలోనే ఉంటాను.