బెల్లం పెనం దగ్గర విప్పిన చెప్పులు

నేను బెల్లం వండేవాణ్ని. తిన్నవాళ్లంతా బాగున్నారు, గరిటె తిప్పిన నాకే షుగర్ వచ్చింది. అయిదో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకంటే పెద్ద డిగ్రీ ఎవరిస్తారు?

షుగర్ బయటపడ్డ ఏడాది, గానుగాడే రోజుల్లో ఒకటే దాహం. చెంబులు ఖాళీ చేయడం, చెరకు తోట చాటుకు పరిగెత్తడం. లుంగీ నడుము మీద నిలవడం మానేసింది. చీపురుపల్లిలో మాత్రలిచ్చారు, తగ్గలేదు. శ్రీకాకుళంలో డాక్టరుగారు పరీక్షలు చూసి, "ఇది టైప్ వన్, ఆటోఇమ్యూన్. మీ ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేశాయి" అన్నారు. అప్పట్నుంచి సూదులే.

ఏళ్లు గడిచేసరికి అరికాళ్లు మొద్దుబారాయి. మాకు బెల్లం పెనమంటే లక్ష్మి. చెప్పులతో దాని పక్కకు ఎవరూ వెళ్లరు. నేనూ విప్పేసి వండేవాణ్ని. ఓ రోజు మా బావ ముక్కు ఎగబీల్చాడు.

"ఒరే, ఏటి కాల్తన్నాది?"

"నీ కడుపేమో సూసుకో బావా."

కాలింది నా మడమ. పొయ్యిలోంచి దొర్లిన నిప్పు మీద నిలబడి ఉన్నాను.

పుండు మానలేదు. డ్రెస్సింగులు, కాలికి రక్తం అందుతోందా లేదా చూసే డాప్లర్, యాంజియోగ్రామ్. కాలు దక్కుతుందా అని డాక్టరుగారిని అడిగాను.

"ఎముక మూలుగలోంచి ఎండోథీలియల్ ప్రోజెనిటర్ సెల్స్ అని వస్తాయి. దెబ్బ తగిలినచోట కొత్త రక్తనాళాలు వేయడానికి అవి కావాలి. మీ జబ్బులో అవి తక్కువ, ఉన్నవీ సరిగా పనిచేయవు."

"అంటే మేస్త్రీలు రానేదు, వచ్చినోళ్లు తాగొచ్చినారు. ఆళ్లని తెచ్చే మందు నేదా బాబూ?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "పరిశోధనలు జరుగుతున్నాయి. మీ కాలికి అందేది ఇంకా లేదు."

మూసుకుపోయిన రక్తనాళం తెరవడానికి బెలూన్ వేశారు. పుండు ఎర్రబడితే రక్తం అందుతోందని సంబరపడ్డాం. మళ్లీ నల్లబడింది. చివరికి మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఇప్పుడు పెనం పని బావ చూస్తున్నాడు. నేను దూరంగా బల్ల మీద కూర్చుని పాకం వాసన పీలుస్తాను. షుగరున్న గానుగవాళ్లకు ఒక్క మాట: లక్ష్మికి చేతులతో దండం పెట్టండి, కాళ్లకు చెప్పులు ఉండనివ్వండి. రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోండి.

మిగిలిన కాలూ మొద్దుబారింది. దానికీ ఆ మేస్త్రీలే దిక్కు. పొద్దున్నే మా ఆవిడ దాని కింద అద్దం పట్టుకుని కూర్చుంటుంది. మొన్న నవ్విద్దామని అన్నాను: "పెళ్లయ్యాక నా మొకం ఒక్కరోజైనా ఇంత సేపు సూసినావేటే?"

తల ఎత్తకుండానే అంది: "నీ మొకం ఎక్కడికి పోద్ది మావా? సూడకపోయినా అక్కడే ఉంటాది. పోయేది కాలు గదా."