చైను లేని బండి, సందు వదలని బావ

ఆ రోజుల్లో గోదావరిఖనిలో ఉతికిన తెల్లచొక్కా మధ్యాహ్నం దాకా తెల్లగానే ఉందంటే, దాన్ని తొడుక్కున్నవాడు ఇంట్లోంచి కదల్లేదని అర్థం. బొగ్గుదుమ్ము రాని చోటు లేదు. అన్నంలో, పక్కబట్టల్లో, చెవుల్లో, చివరికి మూతకు గుడ్డ కట్టిన ఊరగాయ జాడీలో కూడా దాని వాటా దానికి ఉండేది. ఊరంతా దుమ్ముతో రాజీపడిపోయింది, మా బావ ఒక్కడే పడలేదు. బావ అంటే మా పెద్దక్క మొగుడు. గని లోపల ఆయన పని గోడలు కట్టడం. బొగ్గు తీసేసిన పాత జాగాల్లోకి గాలి పోతే అక్కడ మిగిలిన బొగ్గు తనంతట తానే రాజుకుంటుంది కనక, దారికి అడ్డంగా ఇటుక గోడ కట్టి, సందులన్నీ మట్టితో మెత్తి మూసేయాలి. ఆ పనిలో ఆయన్ను మించినవాడు లేడనేవాళ్ళు. చిక్కేమిటంటే, డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. కంపెనీ క్వార్టరులో కిటికీ సందులు, తలుపు సందులు, కప్పు సందులు అన్నీ మూసేశాడు. (వంటింట్లో పొగ పోయే కంత కూడా మూశాడు గానీ, అక్క రోకలి పట్టుకుని ఎదురుగా నిలబడేసరికి మళ్ళీ తెరిచాడు.)

నాకు అప్పుడే గని మీద దీపాల గదిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. లోపలికి దిగేవాళ్ళకు నెత్తిదీపాలు ఇవ్వడం, వాళ్ళు పైకి వచ్చాక తీసుకోవడం నా పని. అక్కా బావల దగ్గరే ఉండేవాణ్ణి. నా గుణం బావ గుణానికి సరిగ్గా ఎదురు. మూత ఉన్నదేదైనా కనిపిస్తే తీసి లోపలేముందో చూడందే నాకు అన్నం సయించేది కాదు. అలాంటి మా ఇద్దరి మధ్యకు ఒక మోటారు సైకిలు వచ్చి పడింది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దొర, ఇంకెవరికీ అక్కర్లేని తన పాత విదేశీ బండిని బావకు వదిలిపోయాడు. మా క్వార్టర్ల లైను జనమంతా చూడ్డానికి వచ్చారు. ఎందుకంటే దానికి చైను లేదు.

పక్కింటి కాక గనిలో హాలేజీ నడిపేవాడు, అంటే ఇనుపతాడుతో బొగ్గు టబ్బులను గుంజే యంత్రం అన్నమాట. ఆయన బండి చుట్టూ తిరిగి తీర్పు చెప్పేశాడు. "చైను లేకుంటే తాడుంటది. తాడు లేకుండ ఏ సక్రం తిర్గది. లోపట్నే ఉన్నది, నేను చెప్తున్న గద!"

"తాడు గాదు కాకా, రాడ్డు" అన్నాడు బావ. "ఇంజను కాడికెల్లి ఎన్క సక్రం దాక లోపల రాడ్డే తిరుగుతదని దొర చెప్పిండు."

"రాడ్డు గిట్ల తిరుగుతది" అంటూ కాక చేతిలోని కర్రను మెలితిప్పి చూపించాడు. "సక్రమేమో గట్ల తిరుగుతది. రెంటికెట్ల కుదురుతదిరా?"

ఆ ప్రశ్న నాకు అంటుకుంది. వెనక చక్రం పక్కన బోర్లించిన గిన్నెలాంటి ఇనుప డబ్బా ఒకటి ఉండేది. గిట్ల తిరిగేది గట్ల మారేది అందులోనే. దాన్ని ఒక్కసారి విప్పి చూస్తే చాలు, జన్మ ధన్యమైపోతుందనుకునేవాణ్ణి. "అవసరం లేదు" అన్నాడు బావ. "మీ అక్క గడియారం ఇప్పితివి, ఇప్పటిదాంక పెట్టకపోతివి." (గడియారం సంగతి నిజమే. ముల్లు ఒకటి ఎక్కువైంది.)

బావకు ఆ బండి మీద ఒకే ఒక కోరిక. మంథని దగ్గర మా ఊరికి ఆయన ఎప్పుడొచ్చినా బస్సు దిగి, పొలాల గట్లమ్మట నడిచి, అలసిపోయి వచ్చేవాడు. ఈసారి బతుకమ్మ పండుగకు అక్కను వెనకాల కూర్చోబెట్టుకుని, డుగుడుగుమంటూ తిన్నగా మా ఇంటి ముందే దిగాలి. అంతే. అందుకోసం బండిని కడిగి, తుడిచి, దుమ్ము దూరే అవకాశమున్న ప్రతి సందునూ కిటికీ అద్దాలకు పెట్టే లప్పంతో మూసి మురిసిపోయాడు. నాలుగు రోజులు తిరిగాడో లేదో, ఆ ఇనుప డబ్బా పక్కనుంచి నూనె కారడం మొదలైంది.

అక్క పొద్దున్నే అలికి ముగ్గేసిన ముంగిట్లో నల్లటి మరక. "గిదేం బండి? సంటిపోరని లెక్క జాగజాగల తడుపుతాంది" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ నూనె లోలోపల వెనక బ్రేకులోకి కూడా దిగిందని మాకు తెలీదు. ఒకనాడు బావ హుషారుగా వచ్చి, ఇంటి ముందు బ్రేకు తొక్కి, ఆగకుండా మమ్మల్ని దాటిపోయి, కాక వాళ్ళ కోళ్ళగూట్లో ఆగాడు. కోళ్ళు బతికాయి. అక్క మాత్రం తేల్చి చెప్పేసింది: "ఒక్క సుక్క కారినా నేను దానిమీద ఎక్క. తమ్మిని తీసుకొని బస్సుల పోత."

పండుగ దగ్గరపడుతోంది. బావకు తెలిసిన వైద్యం ఒకటే, మూయడం. మొదట బట్టల సబ్బు మెత్తాడు. తర్వాత లక్క కరిగించి పోశాడు. ఆ తర్వాత నల్లా గొట్టాలకు చుట్టినట్టు జనపనార చుట్టి సఫేదా అనే తెల్లముద్ద పూశాడు. ఎంత మూస్తే అంత ఎక్కువ కారింది. మనిషి తిండి మీద ధ్యాస కూడా పోగొట్టుకున్నాడు. అంత పెద్ద గని నోరు మూయించగలిగినవాడికి ఒక చిన్న డబ్బా లొంగకపోవడం చూస్తే నాకు నిజంగా జాలేసింది. (విప్పుదామన్న ఆశ కూడా ఉంది. అబద్ధమెందుకు?)

ఒక ఆదివారం ఆయన ముందు బ్రేకునే నమ్ముకుని బండి మీద పెద్దపల్లి దాకా పోయివచ్చి, ఓడిపోయిన గొంతుతో, "నూనె పోసే బోల్టు ఒక్కటి ఇప్పు, ఎంత మిగిలిందో చూద్దాం. ఒక్కటే!" అన్నాడు. అంత దూరం తిరిగిన వేడికి డబ్బా కాలిపోతోంది. పానా పెట్టి తిప్పానో లేదో, "బుస్స్" మంది. నేను ఎగిరి వెనక్కి పడ్డాను. "పామురో!" అని కాక కర్రతో వచ్చాడు. బావ మాత్రం కదల్లేదు. బోల్టు బిగించమన్నాడు, లైను చుట్టూ ఇంకోసారి తిరిగొచ్చాడు, మళ్ళీ విప్పమన్నాడు, చెవి దగ్గర పెట్టి విన్నాడు. మళ్ళీ బుస్స్.

"గీ సప్పుడు నాకెర్కే బామ్మర్దీ" అన్నాడు మెల్లగా. "మూసిన గోడ ఎన్క గాలి గిట్లనే బిగుసుకుంటది. అందుకే ప్రతి గోడల ఒక గొట్టం పెడ్తం. అది తెరిస్తే గిట్లనే ఊపిరి ఇడుస్తది."

"మరి దీనికి గొట్టమేది బావా?"

ఆయన డబ్బా నెత్తిన అరచేత్తో తడిమాడు. గోటితో గీకాడు. తను మొదటిరోజు ముద్దుగా పెట్టిన లప్పం ఊడొచ్చింది. దాని కింద సూది పట్టేంత బెజ్జం ఒకటి! బండి చేసినవాడు దాని ఊపిరి కోసం వదిలిన బెజ్జం. అది మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలి దారిలేక నూనెను పక్కలనుంచి తోస్తోంది.

లోపల్నుంచి అక్క కేకేసింది. "ఏందట?"

"ఏం లేదు" అన్నాడు బావ, తలెత్తకుండా. "దీనికి ఊపిరాడుత లేదట."

"నాకు గూడ ఆడుత లేదు. ఆ కిటికీలు గూడ తెరువు!"

అక్క పిన్నీసుతోనే బెజ్జం తెరిచాం. బ్రేకు కిరసనాయిలుతో కడిగాం. ప్రయాణానికి ముందు సాయంత్రం బండి తిప్పి తెచ్చాక, అక్క దాని కింద తెల్లటి పాత ధోతిముక్క పరిచింది. "పొద్దున చూసి చెప్త" అంది. ఆ రాత్రి బావ నిద్రలో ఎన్నిసార్లు పొర్లాడో!

నేను తెల్లారకముందే లేచి వెళ్ళాను. అప్పటికే అక్క అక్కడ గొంతుక్కూచుని ఉంది. ధోతి మీద పెసరగింజంత నల్లటి చుక్క. నేను నోరు తెరిచేలోపే అక్క ఆ గుడ్డను మడతపెట్టి కొంగు చాటుకు తీసుకుంది.

"ఏం జూసినవ్ తమ్మీ?"

"సుక్క..."

"మంచు" అంది.

బావ కళ్ళు నులుముకుంటూ వచ్చి గడపలోనే ఆగిపోయాడు. "పొడిగనే ఉన్నది" అంది అక్క అటు తిరిగి. "జల్ది తయారు గా, పొద్దెక్కుతాంది." బావ ముఖం ఎట్లా వెలిగిందో నేను చెప్పలేను. కాసేపటికి అక్క కొత్తచీరలో వెనకాల ఒకపక్కకు కూర్చుని ఆయన భుజం పట్టుకుంది. "గట్టిగ పట్టుకో" అన్నాడు బావ. "పట్టుకున్న. నువ్వు ముందట చూడు" అంది అక్క. లైను చివర మలుపు దాకా ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంది.

వాళ్ళ సంచులన్నీ ఒళ్ళో పెట్టుకుని నేను మంథని బస్సులో వెళ్ళాను. ఆ డబ్బా విప్పడం చివరికి కుదరనేలేదన్న దిగులుతో, రాడ్డు గిట్ల తిరిగితే చక్రం గట్ల ఎట్లా తిరుగుతుందని కండక్టరును అడిగాను, పక్కన కూర్చున్న తాతను అడిగాను. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రవాడి మీద నవ్వొస్తుంది, ముద్దూ వేస్తుంది. లోకంలో ప్రతిదాని మూతా తీసి చూడాలనుకున్న ఆ పెద్దమనిషికి, ఆ పొద్దున అక్క తనకంటే, బావకంటే ముందే లేచి ఆ గుడ్డ దగ్గర ఎందుకు కాచుకుని కూచుందో అడగాలని మాత్రం మంథని వచ్చేదాకా తట్టలేదు.