మా చింతగింజల సారు

మా సారు గుండెపోటుతో పోయారని పోయిన నెల నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. శంషాబాద్ దగ్గరి ఫార్మసీ కాలేజీలో మా ఇద్దరికీ ఆయనే గైడు. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది.

మేం చదివింది విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజుల్లో. పాఠం మధ్యలో విమానం పోతే సారు సుద్దముక్క ఎత్తిపట్టుకుని ఆగేవారు. మోత తగ్గాక ఆగిన మాట నుంచే అందుకునేవారు.

మాత్రలోని మందు ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగాలంటే దాన్ని పట్టి ఉంచే పదార్థం కావాలి. కంపెనీలు ఎక్కువగా రసాయనాలతో చేసింది వాడతాయి. సారు చింతగింజల జిగురు వాడారు. దాన్ని తీయడం నాకు దగ్గరుండి నేర్పారు. "చెట్టుకు తొందర లేదమ్మా, మందుకూ ఉండకూడదు" అనేవారు.

గింజల కోసం మైలార్‌దేవ్‌పల్లిలో చింతపండు ఒలిచే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లం. వీటితో షుగర్ గోళీలు చేస్తామంటే ఒకామె నవ్వింది.

"రోజుకొక్కటి ఏసుకుంటే సాలు అన్నట్టు చెయ్యి సారూ. మూడు పూటలు యాదికుంటలేదు."

సారు ఆ మాట క్లాసులో ఎన్నిసార్లు చెప్పారో.

మాత్రలు బాగా వచ్చాయి. ఎంతకాలం నిలవుంటాయో చూడడానికి, ఒకే వేడి, ఒకే తేమ ఉండే యంత్రంలో పెట్టాం. దసరా సెలవుల్లో యాజమాన్యం ఆ యంత్రాన్ని తమ ఇంకో కాలేజీలో తనిఖీవాళ్లకు చూపడానికి పట్టుకుపోయింది. మాత్రల్ని వరండాలో పడేసింది. వానకు తడిసి బూజు పట్టాయి.

సారు వెళ్లి అడిగితే కాలేజీ నడిపే కరస్పాండెంట్ కుర్చీలోంచి లేవలేదు. "చెట్టు సరుకు గట్లనే కుళ్లుతది సార్. ఇగ ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు.

"వానలో వదిలేస్తే ఎవరైనా కుళ్లుతారండీ" అని సారు బయటికి వచ్చేశారు.

అడ్మిషన్లు తగ్గిన ఏడాది మొదట తీసేసింది ఆయన్నే. పోయిన నెల కాలేజీలో పెట్టిన సంతాపసభలో అదే కరస్పాండెంట్ ఆయన్ని కాలేజీకి మూలస్తంభం అన్నాడు. నేను మధ్యలోనే లేచి అత్తాపూర్‌లో సారు ఇంటికి వెళ్లిపోయాను.

సారు భార్య వంటింటి గూట్లోంచి గాజు జాడీ తీసి చూపించారు. అడుగున చిక్కటి ఉప్పునీళ్లు, వాటిపైన చిల్లుల పళ్లెం, అందులో మాత్రలు. యంత్రం లేకపోయేసరికి, తేమను ఎప్పుడూ ఒకేలా నిలిపే ఉప్పునీళ్లతోనే పరీక్ష మళ్లీ మొదలుపెట్టారు. ఉద్యోగం పోయాక కూడా రోజూ పొద్దున్నే చూసుకునేవారట.

"ఇంకా ఎన్నాళ్లు ఉంచాలో చెప్పలేదమ్మా" అన్నారావిడ.

మాత్రలు లేత గోధుమరంగులో, ఎక్కడా మచ్చ లేకుండా ఉన్నాయి. ఆవిడ మూత గట్టిగా బిగించి, జాడీని జాగ్రత్తగా గూట్లోనే పెట్టారు.