తెలుగు విన్న ఎలుకలు

మందు పని చేసిందా, మా మాటలు పని చేశాయా? పరిశోధక విద్యార్థినిగా ఉన్న రోజుల నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పోయిన మంగళవారం పొద్దున, మా గైడ్ మేడమ్ పోయారని వాళ్లాయన ఫోన్ చేసి చెప్పినప్పుడు ఏడుపుకన్నా ముందు వచ్చింది ఆ ప్రశ్నే. ఇదేం బుద్ధో నాది!

మేడమ్ రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లలో పెరిగిన మనిషి. రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో పని కోసం వాళ్ల నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చారు. క్లాసులో హిందీ, ఇంగ్లీషు. నాతో మాత్రం ఇంటి తెలుగు. భయం పుట్టినప్పుడు మెదడులో ఏ రిసెప్టర్లు ఆ కబురు అందుకుంటాయి, అది గుండెను ఎలా పరుగెత్తిస్తుంది అన్నదే ఆవిడ జీవితకాలపు పని. ప్రయోగాలన్నీ ఎలుకల మీద.

ఎలుకల గదిలోకి వెళ్లే ముందు గాజులు తీసి కోటు జేబులో వేసుకునేవారు. గుమ్మంలోనే నా మణికట్టు పట్టుకుని నాడి చూసేవారు.

"ఏటే పిల్లా, అలా కొట్టుకుంటందేటి? కూకో కాసేపు. నీ భయం నీ చేతిలోంచి దానికెళ్లిపోద్ది. అప్పుడు మనం కొలిచేది దాని గుండె కాదు, నీ గుండె."

ప్రతిదానికీ బెదిరే మనిషిని. చాలాసార్లు గుమ్మంలోనే కూర్చుండిపోయాను. లోపల ఆవిడ ఎలుకను అరచేతిలో పెట్టుకుని కబుర్లు చెప్పేవారు.

"రాయే బంగారం. నిన్న వంకాయ కూరలో ఉప్పెయ్యడం మర్చిపోనాను. మా ఆయన నోరెత్తకుండా తినీసినాడు, ఏం చేస్తాడు పాపం!"

చూసి చూసి నేనూ చెప్పడం మొదలుపెట్టాను.

భయం కబురు అందుకునే ఒక రిసెప్టర్‌ను అడ్డుకునే కొత్త మందు పరీక్షించాం. మందు ఇచ్చిన ఎలుకల్ని నేను చూసుకునేదాన్ని. ఉత్త సెలైన్ ఇచ్చినవాటిని, తిల్దా నుంచి రోజూ రైల్లో వచ్చే నా తోటి విద్యార్థిని చూసుకునేది. ఫలితాలు ఎంతో బాగున్నాయి. నా ఎలుకలు దేనికీ బెదిరేవి కావు, గుండె నిలకడగా ఉండేది. ఇక థీసిస్ అయిపోయినట్టే అనుకున్నాను.

ఒకరోజు టీ తాగుతూ ఆ అమ్మాయి నన్ను ఆట పట్టించింది. "దీదీ, తుమ్హారే చూహే తో తెలుగు సమఝ్‌తే హైం!" మీ ఎలుకలకి తెలుగొచ్చు, నావాటికి జోల పాడేదెవరు, రైలందుకోవడమే సరిపోతుంది నాకు అని నవ్వింది. నేనూ నవ్వాను. మేడమ్ నవ్వలేదు. కప్పు కింద పెట్టేశారు.

"ఓలమ్మో! నీవి కబుర్లు విన్నాయి, దానివి వినలేదు. అయితే తేడా మందొక్కటే కాదే. పని పంచినది నేను, తప్పు నాదే. మొత్తం మళ్లీ చేద్దాం."

"మేడమ్, నా ఫెలోషిప్ అయిపోవస్తోంది."

"అయిపోనీ. ఈ మందు రేపు ఎవరి గుండెలోకెళ్తాదో నీకు తెలుసేటి?"

ఈసారి ఏ ఎలుకకు ఏమిచ్చారో తెలియకుండా ఇద్దరం అన్నిటినీ చూసుకున్నాం, నోరు మెదపకుండా. మందు ఇచ్చినవాటికీ ఇవ్వనివాటికీ తేడా మిగిలింది గానీ బాగా సన్నబడింది. మాటల్లేని ఆ గదిలో అన్ని గుండెలూ, కబుర్లు విన్న నా మునుపటి ఎలుకల గుండెలకన్నా వేగంగానే కొట్టుకున్నాయి. మొదటి ఫలితంలో మందు వంతెంతో, మాట వంతెంతో చెప్పలేమని మేడమ్ ఉన్నదున్నట్టు నా చేత రాయించారు. ఆ వాక్యం మనసొప్పకుండానే రాశాను.

ఆవిడ పోవడానికి ముందురోజు సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాను. గుండె జబ్బే. నేను లోపల అడుగు పెట్టగానే మంచం పక్క మానిటర్ మీద గుండె వేగం చూపే అంకె పెరిగింది. నేనొచ్చానన్న సంతోషమా? నా భయం అంటుకుందా? గుమ్మంలో కాసేపు కూర్చుని రావాల్సింది. గాజులు తీసి బ్యాగులో వేసుకుని, ఆవిడ చేతిలో చెయ్యి పెట్టాను.

"మేడమ్, ఇవాళ వంకాయ కూరలో ఉప్పు మర్చిపోయాను."

కళ్లు తెరవలేదు. పెదవి ఓ పక్కకు కదిలింది. అప్పుడే నర్సు వచ్చి డ్రిప్‌లోకి ఏదో మందు ఎక్కించింది. నేను ఆపకుండా ఏవేవో చెబుతూ పోయాను. అంకె మెల్లగా దిగుతూ వచ్చింది.

మందు వల్లో, మాట వల్లో నాకు తెలియదు. ఈ ఒక్కటీ మళ్లీ చేసి చూసే వీల్లేదు. అంకె దిగుతుండగా ఆవిడ రెండు వేళ్లు జరిగి జరిగి నా మణికట్టు మీద ఆగాయి. చెయ్యి పట్టుకోబోయారో, నా నాడి చూడబోయారో, అదీ తేల్చుకోలేకపోతున్నాను.