చప్పుడు చేసి నడవమన్న సిస్టరు

మొన్న ఉదయం మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డాను. గంజి పెట్టిన తెల్లటి నూలుచీర మీద నీళ్ళు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనించగానే ఆవిరి గుప్పున లేచింది. కాస్త అన్నం మాడిన వాసన, కాస్త ఎండలో ఆరిన బట్ట వాసన. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలేసరికి నలభై ఏళ్ళ కిందటి దయామణి సిస్టరు వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా ఇన్నాళ్ళూ రాసేదాన్ని కాదు. ఆవిణ్ణి చూసి కుళ్ళుకున్నంతగా ఈ జన్మలో నేను ఇంకెవర్నీ చూసి కుళ్ళుకోలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి డెబ్బై ఏళ్ళు మీదపడాల్సి వచ్చింది.

అప్పుడు డెబ్బైలు ముగింపుకొస్తున్నాయి. రాజమండ్రిలో ఒక నర్సింగు స్కూల్లో నేను ట్యూటరుని. ఇరవై ఏడేళ్ళు. మద్రాసులో బి.ఎస్సీ. నర్సింగు చదివొచ్చాను. మా స్కూల్లో ఆ డిగ్రీ ఉన్నవాళ్ళం ఇద్దరమే, ఆ రెండో ఆవిడ ప్రిన్సిపాలు. కోనసీమలో బడిపంతులు గారి కూతురు నర్సు పని చేయడమేమిటని మా మేనత్తలు మూతులు తిప్పుకుంటే, మా నాన్న ‘నర్సు కాదు, నర్సులకు పాఠం చెప్పే టీచరు’ అని సర్దిచెప్పేవాడు. ఆ మాట నా తలకెక్కింది. క్లాసులోకి అడుగుపెట్టగానే పన్నెండుమంది అమ్మాయిలు లేచి నిలబడితే నా కడుపు నిండిపోయేది. వాళ్ళు నావాళ్ళు అనుకునేదాన్ని. అందులోనూ పద్మ. పెనుగొండలో బట్టల కొట్టు ఉన్నవాళ్ళమ్మాయి. నా చేతిరాత చూసి తన రాత మార్చుకున్న పిల్ల.

ఆ పిల్లలకు నేను మొదటి నెలలోనే నేర్పించింది చప్పుడు కాకుండా నడవడం. రబ్బరు అడుగున్న కాన్వాసు బూట్లు కొనిపించి, వరండాలో సుద్దముక్కతో గీత గీసి, దాని మీద మునివేళ్ళతో నడిపించేదాన్ని. నేను కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చునేదాన్ని. ఎవరి అడుగు వినబడితే వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి రావాలి. నర్సు వచ్చి వెళ్ళిన సంగతి నిద్రపోతున్న రోగికి తెలియకూడదని చెప్పేదాన్ని. పరీక్షలు పెట్టడానికి వచ్చిన పెద్దలు మా అమ్మాయిల నడకను మెచ్చుకుని వెళ్ళారు కూడా.

రెండో ఏడాది చివర ఆ బ్యాచిని ఆరు వారాల డ్యూటీకి మాజీ సైనికుల ఆసుపత్రికి పంపారు. గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల, ఒక వర్తకుల కుటుంబం దానమిచ్చిన మేడలో నడిచే చిన్న ఆసుపత్రి అది. ముప్పై మంచాలు. బర్మాలో పోరాడిన ముసలివాళ్ళ దగ్గర్నుంచి నిన్నమొన్నటి యుద్ధంలో కాలు పోగొట్టుకున్నవాళ్ళ దాకా అందులో ఉండేవారు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకూ, వాళ్ళను తీసుకొచ్చిన టీచర్లకూ అక్కడి పద్ధతులు నేర్పే పని దయామణి సిస్టరుది. స్టూడెంట్లకంటే సరే. నాక్కూడా నేర్పుతారని తెలిసి గేటు దగ్గరే నా మొహం మాడిపోయింది.

పొట్టి మనిషి. యాభై దాటి ఉంటాయి. గంజి చీర ఒంటిమీద అట్టలా నిలబడేది. కాళ్ళకు కిర్రుచెప్పులు. ఆవిడ వరండా మలుపు తిరగకముందే వస్తోందని వార్డంతటికీ తెలిసిపోయేది. ఎనిమిదో తరగతితో ఆపేసి, ఆయాగా చేరి, తర్వాత ట్రైనింగు అయి, ఒక్కో మెట్టూ ఎక్కి వార్డు సిస్టరైంది. గోడకు తగిలించిన ఆవిడ ఇంగ్లీషు రిపోర్టులో రెండు తప్పులున్నాయని నేను మొదటి గంటలోనే కనిపెట్టాను. కనిపెట్టి సంతోషించాను.

ఆవిడ ముందు మా అమ్మాయిల కాళ్ళు చూసి, ఈ బూట్లు ఇక్కడ పనికిరావని చెప్పేసింది. తర్వాత ఒక ఖాళీ మంచం మీద ఒక్కొక్కరినీ పడుకుని కళ్ళు మూసుకోమంది. ముందు ఒకమ్మాయి చప్పుడు లేకుండా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఉలిక్కిపడని పిల్ల లేదు. రెండోసారి మడమలు ఆనించి, అడుగు వినబడేలా నడిచి రమ్మంది. వచ్చి కాళ్ళ వైపు నిలబడాలి. రోగిని పేరు పెట్టి పిలిచి, తన పేరు చెప్పాలి. ఆయన కళ్ళు తెరిచి చూశాకే పక్కకి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలి. యుద్ధం చూసొచ్చిన మనిషికి చప్పుడు లేకుండా దగ్గరికొచ్చేది శత్రువొక్కడేనని ఆవిడ వాళ్ళకి చెప్పింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను రెండేళ్ళు నేర్పింది ఆవిడ అరగంటలో చెరిపేసింది.

అప్పుడు నా వైపు తిరిగింది. “మీరు కూడా ఒకసారి పడుకోండి టీచరు గారూ. పడుకుంటేనే తెలుస్తుందండి.”

“నాకు తెలుసండి. పిల్లలకు చెప్పండి, చాలు” అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పద్మ గొంతులా అనిపించింది. కాకపోవచ్చు, కానీ నేను పద్మదేనని ఖాయం చేసుకున్నాను.

సాయంత్రం వెళ్ళబోయే ముందు సిస్టరు నన్ను ఏడో నంబరు మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. సుబేదారు వీర్రాజు గారు, అరవై ఏళ్ళ మనిషి, నిద్రపోతున్నాడు. కొండల్లో పహరాకి వెళ్ళినప్పుడు, రాత్రి నిద్రలో ఉండగా శత్రువులు మీదపడ్డారట. పక్కన పడుకున్నవాళ్ళెవరూ మిగల్లేదట. నిద్రలో ఎవరైనా ముట్టుకుంటే ఇప్పటికీ ఆయన చెయ్యి లేస్తుంది. ఆ ఏడాదే కాంపౌండరుని కొట్టి పళ్ళు రాలగొట్టాడు. కమిటీవాళ్ళు నోటీసు ఇచ్చారు, మళ్ళీ చెయ్యి చేసుకుంటే పిచ్చాసుపత్రికి పంపిస్తామని. “ఈ నడక ఆయన కోసమే పెట్టానండి” అంది సిస్టరు. “ఆయనకి ఇంకెవరూ లేరండి. ఈ మంచం పోతే ఇంకేం లేదు.” నేను తలూపాను. ఆ మాట నా చెవిన స్పష్టంగా పడింది. తర్వాత తెలియదని బుకాయించడానికి వీల్లేకుండా ఇక్కడే రాసేస్తున్నాను.

మొదటి రెండు వారాల్లో మా పిల్లలు నా చేతుల్లోంచి జారిపోయారు. పన్నెండు పేర్లూ ఆవిడకి రెండో రోజుకే నోటికొచ్చాయి. నాకు మొదటి ఏడాదంతా రిజిస్టరు చూసుకోవాల్సి వచ్చింది. ఎవరికి నెలసరి నొప్పి ఎక్కువో, ఎవరికి ఇంటి మీద బెంగో ఆవిడకి తెలుసు. యానాం నుంచి వచ్చిన చుట్టాలు ఏ రోగి దిండు కింద బ్రాందీ సీసా పెట్టి వెళ్ళారో మంచం దగ్గరికి పోకుండానే చెప్పేది. అలా ఎలా తెలుస్తుందని పిల్లలు వెంటపడితే, చుట్టాలు వెళ్ళాక దిండు సర్దుకోనివ్వని మనిషి మీద కన్నేసి ఉంచమని నవ్వేది. మధ్యాహ్నం కారియరు విప్పుకున్నప్పుడు పూర్వం నా చుట్టూ చేరే పిల్లలు ఇప్పుడు ఆవిడ గదిలో చేరేవారు. ఆ నవ్వులు వింటూ నేను స్టాఫు రూములో ఒక్కదాన్నీ పులిహోర తినేదాన్ని. పద్మ వాచీని ఆవిడ లాగే జాకెట్టుకు కుడివైపు పిన్ను పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు కిర్రుచెప్పులు కొనుక్కుని వచ్చింది. ఆ చప్పుడు వరండాలో వినబడితే నేను స్టాఫు రూము తలుపు వేసుకునేదాన్ని. ఒక బట్టల కొట్టు పిల్ల చెప్పుల మీద కడుపు మండటం సిగ్గుచేటని తెలుసు. తెలిసి ఆగిందేమీ లేదు.

మూడో వారంలో పద్మను పక్కకి పిలిచాను. పరీక్షలకు వచ్చేవాళ్ళు ఈ టకటకలు చూస్తే ఫెయిల్ చేస్తారని బెదిరించాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఈ రోజు నుంచి బూట్లు వేసుకుని నేను నేర్పినట్టే నడవమన్నాను.

“ఏడో నంబరు దగ్గర కూడానా టీచరు గారూ?” అని అడిగింది.

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. “నువ్వు ఎవరి స్టూడెంటువి?” అన్నాను.

అది జరిగింది మధ్యాహ్నం రెండింటికి. భోజనాలై వార్డు కునుకు తీస్తోంది. టెంపరేచరు చూసే వేళ. నేను గుమ్మం దగ్గర నిలబడి పద్మ నడక చూస్తున్నాను. గీత మీద నడిచినట్టు, ఆకు రాలిన చప్పుడు కూడా లేకుండా వెళ్ళింది. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. వీర్రాజు గారు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాడి చూద్దామని పద్మ ఆయన మణికట్టు పట్టుకుంది. మరుక్షణం ఆ పిల్ల నేల మీద ఉంది, చెయ్యి వెనక్కి మెలి తిరిగి ఉంది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినబడింది. ఆయనకి మెలకువ వచ్చింది. వదిలేసి, పద్మను చూసి, తన చేతులు చూసుకుని, “అమ్మాయ్, నేనే చేశానా?” అని అడిగాడు. పద్మను స్ట్రెచరు మీద తీసుకెళ్ళి తిరిగొచ్చేసరికి ఆయన పక్క చుట్టేసి, ట్రంకుపెట్టెకు తాళం వేసి, దాని మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు పంపిస్తారని కూడా అడగలేదు.

దయామణి సిస్టరు పద్మ కాళ్ళకున్న కాన్వాసు బూట్లు చూసింది. తర్వాత నన్ను చూసింది. అంతే.

సూపరింటెండెంటు గారు మిలట్రీలో డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. నన్ను పిలిపించేసరికి సిస్టరు అప్పటికే ఆయన బల్ల ముందు నిలబడి ఉంది. ఈ బ్యాచికి ఏడో నంబరు సంగతి చెప్పడం తను మర్చిపోయానని, ఆయన తప్పేమీ లేదని, పిల్ల తప్పూ లేదని చెబుతోంది. ఆయన నా వైపు తిరిగాడు. “నిజమేనా శ్యామల గారూ? మీకు కూడా చెప్పలేదా?”

ఆ గదిలో నా ముందు రెండు దారులున్నాయి. నేనే బూట్లు వేయించానని చెప్పినా వీర్రాజు గారి మంచం ఆయనకే ఉండేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. కాబట్టి ఆయన్ని కాపాడటానికి అబద్ధమాడానని చెప్పుకోవడానికి లేదు.

“చెప్పలేదండి” అన్నాను.

అన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. ఒక్క నిమిషమే, కానీ కలిగింది. మా పిల్లలు నెత్తిన పెట్టుకున్న మనిషి నా కళ్ళముందు తలవంచుకుని నిలబడిందని. అమ్మాయిలను ఎవరూ పిలిచి అడగలేదు.

వీర్రాజు గారు మళ్ళీ పక్క పరుచుకున్నాడు. సిస్టరుని వార్డు నుంచి తీసేసి బట్టల గదికి మార్చారు. ఇకమీదట వచ్చే స్టూడెంట్లకు పద్ధతులు నేర్పే పని, డిగ్రీ ఉంది కదా అని, వారానికొకసారి వచ్చేలా నాకే అప్పగించారు. నేను ఏడ్చిందంతా దాని కోసమే. అది ఇలా వచ్చి నా ఒళ్ళో పడింది.

ముప్పై మంచాల సంగతులూ ఎక్కడా రాసి లేవు, అన్నీ ఆవిడ బుర్రలోనే ఉన్నాయి. వాటిని రాసుకోవడానికి రెండు మధ్యాహ్నాలు బట్టల గదికి వెళ్ళాను. ఆవిడ దుప్పట్లు మడతపెడుతూ చెప్పింది. నాలుగో నంబరు దగ్గర ట్రే కింద గుడ్డ వేయాలి, స్టీలు మోగకూడదు. పదకొండో నంబరుకి తలుపు మూయకూడదు. పందొమ్మిదో ఆయనకి అన్నం వడ్డించి పక్కనే కూర్చోవాలి, ఒక్కడే తినలేడు. ఒక్కటంటే ఒక్క దెప్పిపొడుపు లేదు. ఆ మంచితనం చూసి నాకు ఇంకా మండిపోయింది. రెండో రోజు ఆఖర్న ఉండబట్టలేక అడిగేశాను, సూపరింటెండెంటు గారి దగ్గర అలా ఎందుకు చెప్పారని.

“ఆ కొస పట్టుకోండి టీచరు గారూ” అని దుప్పటి అంచు నా చేతికిచ్చింది. ఇద్దరం లాగి మడతేస్తుంటే మెల్లగా చెప్పింది. “పిల్లలకి ఇంకా ఏడాది చదువుందండి. మీ దగ్గరే చదవాలి కదా. మీరు తప్పు చెప్పారని తెలిస్తే రేపు మీరు ఒప్పు చెప్పినా వినరు. టీచరు మాట మీద గురి లేని పిల్ల చేతికి సూది ఎలా ఇస్తామండీ? నాదేముంది, రెండేళ్ళలో రిటైరైపోతాను.” మడతపెట్టిన దుప్పటి నా చేతుల్లోంచి తీసుకుంది. “పద్మకి తెలుసు కదా. మిమ్మల్ని ఏమీ అనుకోవద్దని ఆ పిల్లకీ చెప్పాను.”

నేను క్షమించమని అడగలేదు. నోరు పెగల్లేదనడం తేలిక. అడగబుద్ధి కాలేదన్నది నిజం. తర్వాత తొమ్మిదేళ్ళు ఆ ఆసుపత్రికి వచ్చిన ప్రతి బ్యాచికీ నేనే నేర్పాను. ముందు నేనే మంచం మీద పడుకుని కళ్ళు మూసుకునేదాన్ని, ఆపైన పిల్లల వెంట వచ్చిన టీచర్లను పడుకోమనేదాన్ని. మొహం మాడ్చుకున్నవాళ్ళను బతిమాలేదాన్ని. వీర్రాజు గారు ఆ ఏడో నంబరు మీదే, నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఈ పద్ధతి మీరు కనిపెట్టిందేనా అని ఎవరైనా అడిగితే మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. ఆవిడ పేరు చెప్పడం మొదలుపెట్టింది ఆవిడ పోయాక. పోయిన మనిషిని మెచ్చుకోవడానికి పెద్ద మనసేమీ అక్కర్లేదు.

సిమెంటు కట్టు విప్పించుకుని పద్మ స్కూలుకొచ్చిన రోజు, నేను క్లాసులో అడుగుపెట్టగానే అందరికంటే ముందు లేచి నిలబడింది. ఇప్పుడు తనూ రిటైరైంది. ఏడాదికో ఉత్తరం రాస్తుంది, ‘పూజ్యులైన టీచరు గారికి’ అని. నిజం తెలిసిన ఆ ఒక్క పిల్లా ఇన్నేళ్ళుగా అలా రాస్తోంది. ఆ మాట చదివిన ప్రతిసారీ దయామణి సిస్టరు మీద నాకు అసూయ ముంచుకొస్తుంది. పిల్లలు ఆవిడ చుట్టూ చేరారన్న అసూయ ఎప్పుడో చల్లారింది. ఇప్పటిది ఆవిడ మనసు చూసి. ఆ రోజు ఆవిడ స్థానంలో నేనూ, నా స్థానంలో ఆవిడా ఉంటే నోరు విప్పి ఆవిడ పేరు చెప్పేసి ఉండేదాన్ని. ఆవిడ చెప్పలేదు. పద్మ నన్ను ఇంకా టీచరు గారూ అంటోందంటే, అది ఆవిడ పెట్టిన భిక్ష.