సోమి ఇంటి గోడ

లక్కేది తర్రెం దగ్గర ఒక పల్లె. పద్నాలుగో ఏట దళంలో చేరింది, ఇరవై మూడో ఏట లొంగిపోయింది. ఇంట్లో మాట వేరు; తెలుగు అడవిలోనే నేర్చుకుంది, కమాండర్ మాటలు వినీ వినీ.

పునరావాస కేంద్రంలో ఆమెకు తాపీపని నేర్పినవాడు చక్రధరరావు. శ్రీకాకుళం నుంచి వచ్చి, కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో కట్టుబడి పనులు చూసి రిటైరయిన మనిషి. లక్కేకు పని తొందరగానే పట్టుబడింది. కానీ మంచినీళ్లు తాగాలన్నా ఆయన్ని అడిగి వెళ్లేది. బూట్లు విప్పకుండా పడుకుంటోందని గదిలోని ఆడపిల్లలు చెప్పారు. మద్దేడ్ సంతలో చీర కొనుక్కోమంటే గంటసేపు నిలబడి, ఏది కొనాలో మీరే చెప్పమంది. ఆయన చెప్పలేదు. చివరికి పసుపుపచ్చది తీసుకుంది.

శిక్షణ ముగిశాక ఒక కాంట్రాక్టరు దగ్గర చేరింది. రెండో నెలలో అతను ఆమెను బాసగూడ పంపాడు. సర్కారు మంజూరు చేసిన ఇల్లు ఒకటి అక్కడ కట్టాలి. ఆ ఇల్లు సోమిది. ఆరేళ్ల కిందట ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో సోమి భర్తను చంపింది లక్కే ఉన్న దళమే.

మూడు రోజులు తలెత్తకుండా ఇటుకలు పేర్చింది. నాలుగో రోజు చక్రధరరావుకు ఫోన్ చేసి, సంగతంతా చెప్పి, తనను వేరేచోటికి మార్పించమంది.

"అలాగేలే. ముందు ఆవిడికి నిజం చెప్పీసి రా అమ్మా" అన్నాడాయన.

సోమి వాకిట్లో ఇప్పగింజలు ఆరబోస్తోంది. లక్కే దగ్గరికెళ్లి నిలబడింది.

"అక్కా, నీ మొగుణ్ణి తీస్కపోయిన నాడు నేను తుపాకి పట్టుకొని తోవల నిలబడ్డ."

సోమి చేతులు ఆగలేదు. "నాకెరుకే. నేను ఎనకాల ఉరికొస్తే ఆపింది నువ్వే గద. వచ్చిన నాడే ఆనవట్టిన."

"మరి పని ఎందుకు చేయనిచ్చినవ్?"

"వానలొస్తున్నయ్. గోడ సగంల ఉంది. నువ్వు పోతే ఇంకొకరు ఎప్పుడొస్తరో ఏందో." గింజలు తిరగేస్తూ మళ్లీ అంది: "మాఫ్ జేసిన అనుకోకు. గోడ మాత్రం పూర్తి చెయ్."

లక్కే వెళ్లలేదు. వానలకు ముందే ఇల్లు పూర్తయింది. అన్నాళ్లలో సోమి ఆమెతో మళ్లీ మాట్లాడింది ఒక్కసారే, తలుపు ఎటువైపు తెరుచుకోవాలో చెప్పడానికి.

దసరా తర్వాత అదే ఊళ్లో ఇంకో ఇల్లు మంజూరైంది. ఆ ఇంటివాళ్లు కాంట్రాక్టరును అడిగి మరీ లక్కేను పిలిపించారు. ఆమె పని బాగుంటుందని సోమి చెప్పిందట. మిగతా సంగతి కూడా చెప్పిందో లేదో లక్కే అడగలేదు. తాడు, గోడ నిలువు చూసే తూకపుగుండు సంచిలో వేసుకుని బాసగూడ బస్సెక్కింది.