హ్యాండిల్ మీద బొటనవేలు

ఈ మధ్యాహ్నం మా సీతాఫల్‌మండి సందులో ఒక లారీ మొరాయించింది. ఎదురింటివాళ్ళు ఇల్లు మారుతున్నారు. మంచాలు, బిందెలు, ఒక పాత అద్దాల బీరువా అన్నీ ఎక్కించాక ఇంజను పలకనంది. కొత్తగా చేరినట్టున్న క్లీనరొకడు ఇనుప హ్యాండిల్ తెచ్చి ముందువైపు దూర్చి, రెండు చేతులా పిడికిలి బిగించాడు. నేను వరండాలో పాపకు అన్నం పెడుతున్నాను. పదినెలల పిల్ల. ముద్ద గొంతుకు అడ్డం పడుతుందేమోనని ప్రతి మెతుకూ నలిపి పెట్టే తల్లిని నేను. మా ఆయన నవ్వుతారు కూడా, ఇలా పెడితే దీనికి పెళ్ళీడుకు గాని పళ్ళతో పని పడదని. అలాంటిదాన్ని ముద్ద అలాగే వదిలేసి, "ఏయ్, బొటనవేలు తియ్! వేళ్ళ పక్కన పెట్టు!" అని సందంతా వినబడేలా అరిచాను. క్లీనరు బిత్తరపోయాడు. డ్రైవరు తల బయటికి పెట్టి, "అమ్మ చెప్పింది నిజమేరా, చెయ్యి పోతది," అన్నాడు. వెనక గడపలో కూచుని చేటలో బియ్యం ఏరుతున్న మా అమ్మ చెయ్యి ఆగింది.

"నీకెవరు చెప్పిండ్రే ఆ మాట?"

"నువ్వే చెప్పినవ్ కదమ్మా, చిన్నప్పుడు," అన్నాను తిరిగి చూడకుండా.

అమ్మ ఒక రాయి ఏరి పారేసింది. "చెప్పిన్నేమో," అంది.

అంతే. మళ్ళీ ఆ ఊసు రాలేదు. ఇప్పుడు అందరూ నిద్రపోయారు. పాప ఊపిరి సరిగా ఉందో లేదో రెండుసార్లు లేచి చూసివచ్చి ఇది రాస్తున్నాను. మధ్యాహ్నం నేను చెప్పింది అబద్ధం. ఆ మాట నాకు చెప్పింది అమ్మ కాదు.

పాత లారీలకు ఆ హ్యాండిలే తాళంచెవి. బ్యాటరీ చచ్చినా, చలికి ఇంజను బిగిసినా దాన్ని దూర్చి తిప్పాల్సిందే. ఒక్కోసారి ఇంజను ఎదురు తిరిగి హ్యాండిల్‌ను వెనక్కి విసురుతుంది. బొటనవేలిని చుట్టి పట్టుకున్నవాడి చెయ్యి దాంతోపాటే మెలితిరిగిపోతుంది. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ సరసన పెట్టుకుంటే పట్టు దానంతటదే జారి చెయ్యి దక్కుతుంది. ఇంత చిన్న సంగతి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాయిన నన్ను బంపరు ముందు నిలబెట్టి, నా చేతులు హ్యాండిల్ మీద పెట్టి, నా బొటనవేళ్ళను ఒక్కొక్కటే ఊడదీసి చూపించాడు. "గివి దొంగలు బిడ్డా. వీటిని లోపలికి రానియ్యకు," అన్నాడు. నేను పడీపడీ నవ్వాను.

నాయినది మిలిటరీవాళ్ళు యుద్ధమయ్యాక వేలం వేస్తే కొన్న లారీ. ఎర్రరంగు పూయించాడు గాని ఎక్కడ గీసుకున్నా కింద ఆకుపచ్చరంగు బయటపడేది. సికింద్రాబాద్ గూడ్సు షెడ్డు నుంచి మోండా మార్కెట్‌కు ఉల్లిగడ్డ, బెల్లం, చింతపండు మోసేవాడు. ఆయన ఇంట్లోకి రాకముందే ఆ వేళ ఏ లోడు వేశాడో వాసన చెప్పేది. ఉల్లిగడ్డ రోజున అమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. బెల్లం రోజున మాత్రం ఏమీ అనేది కాదు. అమ్మ అప్పట్లో ఇంట్లో మిషను కుట్టేది, చర్చిలో పాటలు పాడేది, లారీ ఎక్కాలంటే పక్కన ఎవరైనా చెయ్యి పట్టుకోవాలనేది.

నైజాం మీద పోలీసు చర్య జరిగిన ఏడు నాకు పదేళ్ళు. అంతకు కొన్నాళ్ళ ముందు ఎవరో తుపాకులతో వచ్చి లారీ ఎక్కి కూచుని, పద అన్నారు. నాయిన తోలాడు. తోలనంటే ఏమయ్యేదో అడగాల్సిన పనిలేదు. సైన్యం వచ్చి అంతా మారాక ఇంకెవరో వచ్చి, వాళ్ళనెందుకు మోశావని నాయినను తీసుకుపోయారు. మొదటివాళ్ళు తుపాకీ చూపించారు, రెండోవాళ్ళు మోకాలు విరగ్గొట్టారు. రెండున్నర నెలలకు ఆయన ఇంటికొచ్చాడు. ఎడమకాలు మడత పడదు. ఆ కాలుతో క్లచ్ తొక్కడమన్నది ఇక ఈ జన్మకు లేదని డాక్టరు చెప్పాడు.

మా చిన్నాయిన, అంటే నాయిన తమ్ముడు, మోండాలో మండీ నడిపేవాడు. లారీ కొనేటప్పుడు తనూ కొంత డబ్బు పెట్టాడు. పరామర్శకు వచ్చి, అరటిపళ్ళు నాయిన మంచం మీద పెట్టి, అమ్మతో అన్నాడు: "వదినె, ఈస్టర్ దాంక చూస్తా. అప్పటికి బండి రోడ్డు మీద లేకుంటే నేను తోలుకపోత. మీరు మా వెనకర్రల ఉండుండ్రి, ఎవరొద్దన్నరు?" ఆ వెనకర్ర, వాళ్ళింటి వెనకగది, మాకు తెలుసు. వాళ్ళ అత్తగారు అందులోనే మూడేళ్ళుండి, నోట మాట రాకుండా పోయింది. చిన్నాయిన వెళ్ళాక అమ్మ అరటిపళ్ళు లెక్కపెట్టినట్టు చూసి, "నేను నేర్చుకుంట," అంది. నాయిన గోడవైపు తిరిగాడు.

ఊరి బయటి మైదానంలో మూడు నెలలు నేర్చుకుంది. నాయిన పక్క సీట్లో కూచుని నేర్పేవాడు. నేర్పేవాడనేది మర్యాదకు. "గేరు అట్లనా ఏసుడు? పిండి పిసుకుతున్నవా? గాడిదకు నేర్పినా ఈపాటికి తోలుతుండె!" అని బండి శబ్దాన్ని మించి అరిచేవాడు. అమ్మ పల్లెత్తు మాట అనేది కాదు. దిగి ఇంటికొచ్చాక ఆయన కంచంలో అన్నం మాత్రం ఎత్తి పడేసేది. లైసెన్సు ఇచ్చే అధికారి అమ్మను చూసి, "నీ మొగుడేడమ్మా, పిలువు," అన్నాడట. లైసెన్సు తనకేనంటే బండిని మూడుసార్లు వెనక్కి నడిపించి, మూడోసారి కూడా గోడకు తగలకపోయేసరికి విసుక్కుని సంతకం పెట్టాడట.

ఊళ్ళో మాత్రం సంతకాలు అంత తేలిగ్గా దొరకలేదు. మిషనరీ బడిలో నేను క్లాసులోకి వస్తుంటే పిల్లలు "పాం పాం" అని దారి ఇచ్చేవాళ్ళు. టీచరమ్మ పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేది. మట్టల ఆదివారం నాడు మేమంతా ఈతమట్టలు పట్టుకుని చర్చిలోకి ఊరేగింపుగా వెళ్ళాం. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం ఎదుట పాస్టరమ్మగారు అమ్మను ముందుకు పిలిచి ఒక పొట్లం కానుకిచ్చారు. విప్పమన్నారు. అమ్మ విప్పింది. కార్బాలిక్ సబ్బు. "మీ చేతులకమ్మా," అన్నారు ఆవిడ ఎంతో ప్రేమగా. ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ గోళ్ళలో నల్లటి గ్రీజు ఉంది. "వందనాలమ్మగారూ," అని తీసుకుని వచ్చి నా పక్కన కూచుంది. నేను ఒక జానెడు పక్కకు జరిగాను. అమ్మ చూసింది.

మర్నాడు సోమవారం మొదటి లోడు. అంతవరకూ పక్క వర్క్‌షాపు మిస్త్రీ చాచా పొద్దున్నే వచ్చి హ్యాండిల్ తిప్పిపోయేవాడు. "రోజూ ఒకరి కాళ్ళు పట్టుకుంటే బండెట్ల నడుస్తది?" అని ఆ రోజు అమ్మ తనే హ్యాండిల్ తీసింది. నాయిన వాకిట్లో స్టూలు మీద కూచుని వరసగా చెబుతున్నాడు: గేరు తీసి ఉందో లేదో చూడు, కాళ్ళు ఎడంగా పెట్టు, కింది నుంచి పైకి గుంజు, కిందికి నొక్కకు. అన్నీ చెప్పాడు. నేను పుస్తకాల సంచీ భుజాన వేసుకుని గడపలో నిలబడ్డాను. అమ్మ చేతుల్ని చూశాను. రెండు బొటనవేళ్ళూ హ్యాండిల్‌ను చుట్టి ఉన్నాయి.

నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను. ఇందులో తెలియక జరిగిందేమీ లేదు. పదకొండేళ్ళ నా బుర్రలో లెక్క స్పష్టంగా ఉంది: ఒక దెబ్బ తగులుతుంది, అమ్మ జడుసుకుంటుంది, చిన్నాయిన లారీ తోలుకుపోతాడు, అమ్మ మళ్ళీ మిషను ముందు కూచుంటుంది, బడిలో పాం పాం ఉండదు. ఆ వెనకగది కూడా నాకు ఆ క్షణాన మంచి గదిలాగే కనిపించింది.

చెరకుగడ విరిచినట్టు చప్పుడైంది. అమ్మ అరవలేదు. కుడిచెయ్యి పట్టుకుని రోడ్డు మీదే కూలబడి, ముందుగా లారీ వైపు చూసింది. ఇంజను నడుస్తోంది.

మిస్త్రీ చాచాయే పరుగున వెళ్ళి కట్టు కట్టేవాణ్ణి తీసుకొచ్చాడు. గుడ్డుసొన, మినప్పిండి పూసి వెదురుబద్దలు వేసి మణికట్టు బిగించారు. చాచాకు మనసాగక అడిగేశాడు.

"బొటనేలు చుట్టి పట్టినవా బహెన్? ఈ లైన్ల మొదటి సబక్, మొదటి పాఠం గదే గదా. ఏందన్నా, జెర చెప్పలేదా నువ్వు?"

నాయిన తన చేతిని తిప్పి చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు. ఈ రోజు నాకు అర్థమవుతుంది. ఇరవై ఏళ్ళు ఎవరెవరి బండ్లకో హ్యాండిల్ తిప్పినవాడికి బొటనవేలు ఎక్కడుందన్నది తెలిసిన సంగతి కాదు, చేతి అలవాటు. మనం నడిచేటప్పుడు ముందు ఏ కాలు వేస్తామో ఎవరికీ చెప్పం. పసిపిల్లకు ఆటగా చూపించినది పెళ్ళానికి పాఠంగా చెప్పాలని ఆయనకు తోచలేదు. అమ్మకు మాత్రం మూడు నెలల గాడిద తిట్లు అప్పుడే అర్థమైనట్టున్నాయి. ఆమె ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే నాయినను రెక్క పట్టి లేపి లారీ ముందుకు నడిపించింది. చాచా వద్దంటున్నా హ్యాండిల్ ఆయన చేతికిచ్చింది.

"తిప్పు."

"నిలబడరాదే నాకు."

"బంపరు పట్టుకో. తిప్పు."

నాయిన బంపరుకు నడుము ఆనించి, వంగి, హ్యాండిల్ పట్టుకున్నాడు. బొటనవేలు పోయి నాలుగు వేళ్ళ పక్కన పడుకుంది. అమ్మ ఆ చేతిని చూపించి చాచాతో అంది: "చూడు భాయి. చేతికి యాదికున్నది. నోటికే లేదు. నేను తోలుడు ఈయనకు ఇష్టం లేదు, గంతే."

అప్పుడు నాయిన తలెత్తి, గడపలో నిలబడ్డ నన్ను చూశాడు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఊడదీసిన బొటనవేళ్ళు, దొంగలు, అన్నీ ఆయనకు ఒక్కసారే గుర్తొచ్చాయి. గుర్తొచ్చాయని నేను చూశాను. నేను చూశానని ఆయన కూడా చూశాడు. ఆయన తల దించుకుని, "అవు. చెప్పలే. తప్పు నాదే," అన్నాడు. తర్వాత తిప్పాడు. రెండోసారికి ఇంజను పలికింది. విసురుకు ఆయన బురదలో పడ్డాడు. అమ్మ లేపలేదు. నేను లేపలేదు. చాచా లేపాడు.

అమ్మ కట్టు చేతిని స్టీరింగ్ మీద మోచేతి దాకా ఆనించి, ఎడమచేత్తో గేర్లు వేస్తూ ఆ వారమంతా తోలింది. శుభశుక్రవారం నాడు కూడా తోలింది. ఈస్టర్ మర్నాడు చిన్నాయిన వచ్చేసరికి లారీ మోండాలో, ఆయన మండీ ఎదురుగానే, చింతపండు దించుతోంది. నాయిన వెనక చక్రం కింద చెక్క పెట్టి, కుంటుకుంటూ లేస్తున్నాడు.

"అన్నను క్లీనర్ను చేసినవా వదినె?"

"మరి డ్రైవర్ను చెయ్యాల్నా?" అంది అమ్మ.

బస్తాలు మోస్తున్న హమాలీలు గొల్లుమన్నారు. చిన్నాయిన ఇక లారీ మాట ఎత్తలేదు.

ఆరేళ్ళు నాయిన ఆ పని చేశాడు. కట్టు విప్పాక కూడా, చెయ్యి అతుక్కున్నాక కూడా, వేరే మనిషిని పెట్టుకునే స్తోమత వచ్చాక కూడా అమ్మ ఆయన్ను మాన్పించలేదు. గూడ్సు షెడ్డులో కొత్తవాళ్ళెవరైనా ఈయనెవరని అడిగితే, "మా క్లీనరు," అనేది. ఆయన వినేవాడు. ఒకసారి తాడు బిగించడానికి పైకెక్కలేక జారితే అందరితోపాటు నేనూ నవ్వాను. బడి నుంచి వస్తూ అటు వెళ్ళాను ఆ రోజు, పక్కన స్నేహితురాలుంది. ఆయన ప్యాంటు దులుపుకుని నాకేసి చూసి, నాకు ఇబ్బంది అవుతుందని కాబోలు, లారీ అవతలి వైపుకు వెళ్ళిపోయాడు. ఆ లారీ మీదే నేను కాలేజీ చదువు చదివాను. ఒక్క వాక్యం చెబితే చాలు, ఆయన స్టూలు మీదికి, నీడలోకి వెళ్ళిపోయేవాడు. ఆరేళ్ళలో ఎన్ని పొద్దులున్నాయో అన్నిసార్లు ఆ వాక్యం నా నోటిదాకా వచ్చింది. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు ఒకసారి మొదలుపెట్టాను కూడా. "నాయినా, ఆ రోజు నేను..." అన్నాను. "పోయి సదువుకో పో," అన్నాడు.

నేను కాలేజీలో చేరిన ఏడాదే జ్వరంతో పోయాడు. సమాధి పెట్టె కూడా మా లారీలోనే వెళ్ళింది. అమ్మే తోలింది. దించుతుంటే బండి కదలకుండా చక్రం కింద చెక్క ఎవరు పెట్టాలని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి నేను పెట్టాను.

అమ్మ రెండేళ్ళ కిందట లారీ అమ్మేసి మాతో ఉంటోంది. పాపను ఎత్తుకుంటే ఆ మణికట్టు ఇప్పటికీ సరిగా తిరగదు. వర్షం పడేముందు నొప్పి వస్తే రుద్దుకుంటూ, "మీ మామ చేసిన పని," అని మా ఆయనతో అంటుంది. ఆయన నవ్వుతారు. నేను లోపలికి వెళ్ళిపోతాను. అమ్మకు చెప్పాలని ఈ రాత్రి కూడా అనుకున్నాను. చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? ఆరేళ్ళు ఒక నిర్దోషిని వంగదీసిందన్న సంగతి. చెప్పకపోతే నాకు ఏం మిగులుతుందో నాకు తెలుసు. ఇది దయా, పిరికితనమా అని ఇక నన్ను నేను అడగడం మానేశాను, ఎందుకంటే జవాబు ప్రతిసారీ ఒకటే వస్తుంది.

నాయిన నలభై ఆరేళ్ళకు పోయాడు. ఆయన వయసు అక్కడే ఆగింది, నాది నడుస్తోంది. ఇంకో ఇరవై ఏళ్ళు బతికితే నేను ఆయన కంటే పెద్దదాన్నవుతాను. అప్పుడు కూడా ఆయన ఆ బంపరు మీద వంగి తలెత్తి చూస్తే, గడపలో నిలబడి ఉండేది పదకొండేళ్ళ పిల్లే.